కాపు మీదున్న చెట్టు

మా కోనసీమలో కెమెరా పట్టుకున్నవాళ్ళకు పెద్ద కష్టం ఉండదు. కాలువ గట్టెక్కి ఏ దిక్కుకు తిప్పి నొక్కినా కొబ్బరిచెట్లూ వరిచేలూ నీళ్ళలో ఆకాశమూ వాటంతట అవే వచ్చి పడతాయి. ఏళ్ళ తరబడి నేను తీసినవి అవే. చూసినవాళ్ళు ఆహా అంటారు, నేను మురిసిపోతాను. మా స్కూల్లో నాతోపాటు పనిచేసిన సుగుణ ఒక్కతే ఏనాడూ ఆహా అనలేదు. ఆమెది చిత్తూరు జిల్లా, బంగారుపాళ్యం దగ్గర పల్లె. "మీ ఊరు అందంగా ఉంటే అందులో నీ గొప్పేముంది?" అని ఒకసారి మొహం మీదే అనేసింది. ఆ కోపంతో రెండు రోజులు ఆమె క్యారేజీలో కూర ముట్టుకోలేదు. మూడో రోజు రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడి తెచ్చింది కాబట్టి రాజీపడ్డాను.

ఆ సుగుణే నిరుడు జూన్‌లో నాకు ఒక పని అప్పగించింది. వాళ్ళ నాయన పెట్టిన మామిడితోట కొత్త రోడ్డు కిందకు పోతోంది. కాయ దిగేదాకా ఆగుతామని రోడ్డువాళ్ళు అన్నారట. దిగిన మర్నాడే మిషన్లు వస్తాయట. తోటలో బావి పక్కన ఆయన మొట్టమొదట నాటిన చెట్టు ఉంది. ఆ చెట్టుకు ఇప్పటివరకూ ఒక్క ఫోటో లేదు. సుగుణ మోకాలి ఆపరేషన్ చేయించుకుని మంచం మీద ఉంది. నేను రిటైరై తీరిగ్గా ఉన్నాను.

"నాయన చెట్టును ఒకే ఒక్క ఫోటో తీసుకురా, అంతే. మా అక్క మునెమ్మ ఒప్పుకోదు. ఒప్పించేది నీ పని" అంది. ఎందుకు ఒప్పుకోదో అడిగితే, పోతే నీకే తెలుస్తుందని నవ్వింది. చెట్టును ఫోటో తీయడానికి ఒప్పుకోకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. నేను బట్టలు సర్దుకున్నాను.

పులికాట్: పక్షులు లేని సరస్సు

దారిలో పులికాట్ చూడాలన్నది నా సొంత ఆశ. గులాబీ రెక్కల ఫ్లెమింగోలు వేలకు వేలు నీళ్ళలో నిలబడి ఉండే ఫోటోలు చూసి ఊరించుకున్నాను. అవి చలికాలం పక్షులనీ, ఇది జూన్ నెలనీ సూళ్ళూరుపేటలో దిగేదాకా నాకు తట్టలేదు. ఆత్రపు పెళ్ళికొడుకు అత్త మెడలో తాళి కట్టాడంటే ఎందుకు కట్టడు?

సరస్సు మధ్యగా పోయే రోడ్డు మీద దిగి చూస్తే పక్షి లేదు, నీళ్ళూ లేవు. కనుచూపు మేర బూడిదరంగు బురద నెర్రెలు విచ్చి ఉంది, నెర్రెల అంచుల్లో ఉప్పు తెల్లగా పేరుకుంది. దూరంగా ఒక పడవ ఒరిగి పడి ఉంది. ఇంతదూరం వచ్చాను కదా, ఆ పడవనైనా తీద్దామని రోడ్డు దిగాను. కాస్త దూరం నడిచానో లేదో, గట్టిగా కనిపించిన నేల కింద కాలు మోకాలి దాకా దిగిపోయింది. కెమెరాను నెత్తిన పెట్టుకుని నిలబడ్డాను. లాగితే కాలు రాదు, వచ్చినా చెప్పు రాదు.

నన్ను బయటకు లాగినావిడ పేరు చెంగమ్మ. గట్టున గోనెపట్టాల మీద రొయ్యలు ఎండబెట్టుకుంటోంది. "పైన ఆరినట్టే ఉంటాదిమ్మా, లోపల ఆరదు. నా అడుగులో అడుగేసి రా" అంది. చెప్పు అక్కడే ఉండిపోయింది. పక్షులు లేనప్పుడు ఏం చూడ్డానికి వచ్చావని ఆమె అడిగితే, జవాబుకు బదులు ఎండురొయ్యలు కొన్నాను. మా దగ్గర అమ్మే ధరలో సగం కూడా లేదు.

మధ్యాహ్నం వాళ్ళ ఇంట్లోనే తిన్నాను. రొయ్యల పులుసులో పచ్చిమామిడి ముక్కలు వేసింది. మేమైతే కొబ్బరి కలపకుండా వదలం. ఆ మాటంటే, కొబ్బరి వేస్తే రొయ్య రుచి ఎక్కడికి పోవాలి అని తేలిగ్గా తీసిపారేసింది. ఆమె మొగుడు అరుగు మీద ఖాళీగా కూర్చుని ఉన్నాడు. సముద్రం ముఖద్వారం వైపు ఇప్పుడు కూడా నీళ్ళుంటాయి కదా, వేటకు పోలేదేమని అడిగాను. ఈ రోజు వాళ్ళ పాడు కాదట. సరస్సులో ఎవరికి తోచిన చోట వాళ్ళు వల వేయరు. ఏ ఊరివాళ్ళు ఏ రోజు ఎక్కడ వేయాలో పెద్దలు ఎప్పుడో వంతులు పెట్టారు, ఆ వంతే పాడు. తమది కాని రోజున చేప కాళ్ళ దగ్గరకొచ్చి ఎగిరినా వల తీయరు. ఎవరు చూడొచ్చారని అడగబోయి, ఆయన ముఖం చూసి మానేశాను.

సాయంత్రం గాలి తిరిగింది. చెంగమ్మ నన్ను గట్టు చివరకు పిలిచి చూడమంది. ముందు నాకేం కనబడలేదు. తర్వాత ఆ ఎండిన బురద మీద ఏదో కదిలింది. నీళ్ళు. అల లేదు, చప్పుడు లేదు, అరచేతి మందం కూడా లేవు. గాలి నెట్టుకొస్తుంటే ఒక్కో నెర్రెనూ నింపుకుంటూ వస్తున్నాయి. అవి వచ్చిన మేరా నేల మాయమై ఆకాశం పరుచుకుంటోంది. ఒరిగిన పడవ కిందకు నీళ్ళు చేరాయి. గట్టు దిగి నిలబడితే నా కాళ్ళ మధ్య నుంచి ఒక మబ్బు వెళ్ళింది. పొద్దున బూడిద అనుకున్నదంతా నారింజ రంగు పట్టింది. గోదావరి వరద చూసి పెరిగినదాన్ని, ఇంత తక్కువ నీళ్ళు ఇంత పని చేయగలవని అనుకోలేదు. చాలాసేపటి తర్వాత కెమెరా గుర్తొచ్చింది. చెంగమ్మ మాత్రం రొయ్యలు తడుస్తాయని గోనెపట్టాలు ఎత్తుకోవడంలో పడిపోయింది.

ఏర్పేడు: వాన వెలిసిన దారి

ఏర్పేడులో పెద్ద చదువుల క్యాంపస్ ఉంది కాబట్టి టీ కొట్టు బెంచీ మీద అన్ని రాష్ట్రాల హిందీలూ వినబడతాయి. కొట్టాయన తెలుగులో తిట్టి, తమిళంలో లెక్క చెప్పి, హిందీలో చిల్లర లేదంటాడు. నేను అలవాటు కొద్దీ "ఏవండీ, టీ ఇస్తారా?" అన్నాను. ఆ 'అండీ'కి బెంచీ మీద ఉన్న ముసలాయన తలెత్తి, యాడనుంచమ్మా అని అడిగాడు. మా మినపగారె అక్కడ ఉద్దివడ అయింది. చట్నీలో కొబ్బరి తగ్గి శెనక్కాయ పెరిగింది. వడ పది రూపాయలే, అరచెయ్యంత ఉన్న దాన్ని చూస్తే పదంటే నమ్మబుద్ధి కాలేదు, ఇంకొకటి తిన్నాను.

చూడదగ్గది ఇక్కడ ఏముందని కొట్టాయన్ను అడిగాను. "సూడాలంటే కాళహస్తికి పో, తిరుమలకు పో. ఈడేముండాది? గుట్ట, తుప్ప" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. రోడ్డుకు అటూ ఇటూ ఎర్రనేల, గుండ్రాళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న చిన్న గుట్టలు, ముళ్ళ తుప్పలు. నేను గుట్ట దాకా నడిచి కలివిపండ్లు కోసుకు తిని, చేతులకు ముళ్ళు గీసుకుని, పులుపుకు పళ్ళు జివ్వుమంటుంటే వెనక్కి తిరిగాను. అంతలో వాన పట్టుకుంది. కెమెరాను చీర కొంగులో చుట్టి, తాటిచెట్టంత బండరాయి వారగా నక్కాను.

కాసేపే కురిసింది. వెలిశాక నేలమీద ఏదో ఎర్రగా కదిలింది. రక్తపు బొట్టేమో, ముల్లు గట్టిగానే గీసుకుందనుకున్నాను. వంగి చూస్తే ఆరుద్ర పురుగు. ముఖమల్ గుడ్డలో కత్తిరించినట్టున్న ఒళ్ళు, ఆ ఎరుపు ఏ కుంకుమ భరిణెలోనూ లేదు. తలెత్తి చూస్తే ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి. తడిసిన నేలంతా అవే. మట్టిలో ఏడాది పొడుగునా ఎక్కడ దాక్కున్నాయో, నాలుగు చినుకులకే పండగ బట్టలు కట్టుకుని బయటికొచ్చాయి. చిన్నప్పుడు మా అమ్మమ్మ చెబితే విన్నాను గానీ, ఇన్నిటిని ఒక్కచోట చూడటం ఇదే మొదలు.

అడుగు వేయడానికి చోటు లేక అక్కడే కూలబడ్డాను. మోటారుసైకిలు మీద వస్తున్న ఒక పెద్దాయన నన్ను చూసి ఇంజను ఆపి దిగాడు. నేను పడిపోయాననుకున్నాడట. సంగతి తెలిశాక నవ్వి, బండిని నడిపించుకుంటూ, చక్రం ముందు నేల చూసుకుంటూ మెల్లగా వెళ్ళిపోయాడు. పురుగులున్నంత మేరా బండి ఎక్కలేదు. మా వైపు రోడ్డు మీద మనిషి అడ్డమొచ్చినా ఇంత చూసుకుని నడపరు.

ఆ రోజు బురదలో బోర్లా పడుకుని తీసిన ఫోటోల్లో సగం మసక. అయినా ఆ రాత్రి నిద్రపట్టేదాకా వాటినే చూశాను. సుగుణ నన్ను దెప్పిన మాట ఇప్పుడు కోపం తెప్పించలేదు. వీటిని అందంగా ఉండమని ఎవరూ అడగలేదు, చూడ్డానికి ఎవరూ రారు, అయినా వచ్చాయి. బంగారుపాళ్యంలో ఒక మామిడిచెట్టును తీయడం ఎంతసేపు పని అని ధైర్యం తెచ్చుకున్నాను.

బంగారుపాళ్యం: ఒప్పుకోని మునెమ్మ

హైవే పొడుగునా ట్రాక్టర్లు బారులు కట్టి ఉన్నాయి. అన్నిట్లోనూ తోతాపురి కాయలే. గుజ్జు ఫ్యాక్టరీల మీదుగా వచ్చే గాలి తియ్యగా, కొంచెం పులిసినట్టుగా ఉంది. బస్సు దిగేసరికి నా జుట్టుకు కూడా ఆ వాసన పట్టింది.

మునెమ్మ సుగుణకు పదేళ్ళు పెద్ద. సన్నగా, నిటారుగా ఉంటుంది. మొగుడు చెంగల్రాయుడు ఆమె అన్నదానికి తలాడించడమే తప్ప నోరు మెదపడు. నన్ను చూడగానే చెల్లెలి మోకాలి గురించి వరసగా అడిగి, కాళ్ళకు నీళ్ళిచ్చి, సంగటి ముద్ద, చింతాకు పప్పు పెట్టింది. సంగటిని నమలకూడదట, మింగాలట. నేను నమిలాను, పళ్ళకు అంటుకుని మాట రాలేదు. మునెమ్మ మొదటిసారి నవ్వింది ఆ పూటే.

తర్వాత తోటకు తీసుకెళ్ళింది. వరసల మధ్య రంగు పూసిన హద్దురాళ్ళు పాతి ఉన్నాయి, రోడ్డు ఎటు పోతుందో వాటిని చూస్తే తెలుస్తుంది. బావి పక్కన ఆ చెట్టు ఉంది. నేను చూసిన ఏ మామిడిచెట్టూ దాని చిన్నతమ్ముడికి కూడా సరిపోదు. కొమ్మలు నాలుగు పక్కలా నేలదాకా వంగి ఉన్నాయి. ప్రతి కొమ్మకూ ముక్కు తిరిగిన కాయలు గుత్తులు గుత్తులు, కొన్ని మట్టిని తాకుతున్నాయి. ఈ బావి తవ్వకముందు వాళ్ళ నాయన వంక దగ్గర నుంచి కడవలతో నీళ్ళు మోసి దీన్ని నిలబెట్టాడట. నాకు తెలియకుండానే చేయి కెమెరా మీదకు పోయింది, "ఎంత బాగుందో" అని నోరూ జారింది.

మునెమ్మ చటుక్కున కెమెరాకు చెయ్యి అడ్డం పెట్టింది. వంగి చెట్టు మొదట్లో చిటికెడు మట్టి తీసి, కొమ్మల చుట్టూ తిప్పి, నా వెనక్కి విసిరింది. దిష్టి తీసేసిందన్నమాట, నా దిష్టే.

"కాపు మీదుండే చెట్టును బాగుందనగూడదమ్మా. ఫోటో అసలే తీయగూడదు. కాపు నిలబడదు" అంది.

మరి కాపు లేనప్పుడు ఎందుకు తీయించలేదని అడిగాను. కాయ లేని చెట్టును ఎవరు తీస్తారని ఆమె తిరిగి అడిగింది. నిజమే, ఎవరు తీస్తారు? అందుకే ఇన్నేళ్ళలో దానికి ఒక్క ఫోటో లేదు. ఇప్పుడేమో కాయ ఉండగా తీయకూడదు, కాయ దిగాక చెట్టే ఉండదు. రేపో ఎల్లుండో కోత.

నేను టీచరు బుద్ధి చూపించాను. ఎలాగూ కొట్టేసే చెట్టుకు దిష్టి తగిలితే మాత్రం ఏమిటన్నాను. అనగానే ఎందుకన్నానా అనిపించింది. మునెమ్మకు కోపం రాలేదు. ఈ కాపు తమది కాదని చెప్పింది. పూత మీదే చిత్తూరు వ్యాపారి ఖాదర్ భాయ్‌కి గుత్తకిచ్చారు. ఇప్పుడు ఒక్క పెనుగాలి వచ్చి కాయ రాలితే ఆయనది రాలుతుంది. తన కాపయితే తెగించేదాన్నేమో గానీ, ఒకరి సొత్తు మీద తన ముచ్చట తీర్చుకోలేనంది. చెంగల్రాయుడు తలాడించాడు.

అయితే ఖాదర్ భాయ్‌నే అడుగుదామని కాచుకు కూర్చున్నాను. మర్నాడు పొద్దున ఆయన కోత మనుషులకు చెట్లు చూపించడానికి వచ్చాడు. తెల్లగడ్డం, నవ్వు ముఖం. ఈయనకు ఇలాంటి పట్టింపులు ఉండవులే అనుకుని సంగతంతా చెప్పాను. ఆయన తన వ్యాను ముందర వేలాడదీసిన నిమ్మకాయా మిరపకాయలూ చూపించాడు.

"మేము నజర్ అంటామమ్మా. పేరు వేరే, భయం ఒకటే. మునెమ్మక్క వద్దంటే నేను ఊ అంటానా? ఈ తోట కాయ పట్టినప్పటినుంచీ ఆ యమ్మ మాట మీదనే పోతాండాం" అన్నాడు.

ఉన్న ఒక్క ఆశా పోయింది. ఈ చెట్టు వంతు మర్నాడు పొద్దున్నే అని చెప్పి ఆయన వెళ్ళాడు. సుగుణకు ఫోన్ చేయలేదు.

మిట్టమధ్యాహ్నం

ఫోటోలు తీసేవాళ్ళం మిట్టమధ్యాహ్నం కెమెరా ముట్టుకోం. ఎండ నెత్తిన నిలబడితే దేనికీ రూపం ఉండదని మా నమ్మకం. అది మా మూఢనమ్మకమని ఆ రోజే తెలిసింది.

ముగ్గురం చెట్టు కిందే సంగటి తిన్నాం. పైన చూడటానికి నాకు భయం, చూస్తే బాగుందనేస్తానని. అందుకని తల దించుకుని నేలను చూస్తూ కూర్చున్నాను. చూస్తుంటే నేల కనబడింది. ఎర్రమట్టి మీద నీడ పరుచుకుని ఉంది. అందులో వెలుతురు గుండ్రటి బిళ్ళలుగా, చిన్నవీ పెద్దవీ, వేలకు వేలు. గాలి వీస్తే అన్నీ ఒక్కసారి ఒకవైపుకు జరిగి మళ్ళీ తమ చోటికి వస్తున్నాయి. మునెమ్మ చీర మీదా అవే, చెంగల్రాయుడి బట్టతల మీదా అవే. నీడలో నీలం ఉంది, నీలంలో ఎరుపు ఉంది. ఇంతకాలం నీడంటే నలుపనుకున్నాను. ఈ చెట్టు కింద కూర్చుని అన్నం తిన్న ప్రతి మనిషీ దీన్ని చూశాడు కదా, ఎవరూ ఎందుకు కేక వేయలేదని ఆశ్చర్యం వేసింది. నాకు ఎందుకో కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఏమి చూస్తున్నావని మునెమ్మ అడిగింది. నీడ అన్నాను. ఆమె కూడా చూసింది. ఆ చూపు వింతను చూసే చూపు కాదు, ఇంట్లో మనిషిని చూసే చూపు. నాయన ఈడే పడుకునేవాడని, ఆ వేరు మీద తల పెట్టుకునేవాడని చెప్పింది. మొగుడివైపు చూసింది. ఆయన ఈసారి ఆమె ఏమీ అనకముందే తలాడించాడు.

"తగిలితే చెట్టుకు తగుల్తాదమ్మా. నీడకేం తగుల్తాది? నీడను తీసుకో" అంది మునెమ్మ.

నేను లేవబోతే ఆగమని, కొంగు దోపి, రాలిన ఆకులు చీపురుతో పక్కకు ఊడ్చింది. వేరు దగ్గర మాత్రం చేత్తో తుడిచింది. నేను బావి ఒర ఎక్కి, కెమెరాను పూర్తిగా కిందకు వంచి, ఒక్క ఆకు కూడా పడకుండా చూసుకుంటూ తీశాను. గాలి ఆగేదాకా ఊపిరి బిగబట్టాను.

దిగి చూపించాను. మునెమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ చిన్న తెర మీద వంగింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆమె వేలు ఒకచోట ఆగింది. వెలుతురు బిళ్ళల నడుమ, ముక్కు తిరిగిన చిన్న చిన్న నీడలు, గుత్తులు గుత్తులు. కాయల నీడ కూడా పడింది. నేను చూసుకోనే లేదు. ఇక తీసేయమంటుందనుకున్నాను. చెంగల్రాయుడు కూడా తల ఆడించడం మరిచిపోయాడు.

మునెమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఉండనీలే. ఈ కాయల్ని ఎవురు కోస్తారు?" అంది.

తిరిగొచ్చాక

మర్నాడు కోత మొదలవకముందే బస్సెక్కాను. చూడలేననే ఎక్కాను. సుగుణకు ఆ ఫోటో పెద్దది చేయించి ఇచ్చాను. చెట్టేదే అని అడగలేదు. వేరును గుర్తుపట్టింది, నాయన తల పెట్టుకునే చోటు గుర్తుపట్టింది. ఆహా అనలేదు గానీ, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

అక్క కూడా ఫోటో అడిగితే ఫోన్‌కు పంపించాం. ఆమె దాన్ని గోడకు పెట్టుకుంటుందనుకున్నాను. మునెమ్మ చిత్తూరుకు పోయి, ఫ్లెక్సీలు వేసే షాపులో దాన్ని రెండు మంచాలు పట్టేంత ఫ్లెక్సీగా కొట్టించుకుందట. తోట పోయాక వాళ్ళు రోడ్డవతల కట్టుకున్న ఇంటి ముందర చెట్టన్నది లేదు, ఎండ తిన్నగా గడపలోకి వస్తుంది. పందిరి వేసి, బొమ్మ కిందివైపుకు ఉండేలా పైన దాన్ని కప్పించింది. ఎండ కాస్తే ఆ బిళ్ళలన్నీ వెలుగుతాయట, గాలికి ఫ్లెక్సీ ఊగితే అవీ ఊగుతాయట. మధ్యాహ్నం ఇద్దరూ దాని కిందే మంచాలు వేసుకుంటారని చెంగల్రాయుడే ఫోన్‌లో చెప్పాడు. నేను ఆయన గొంతు వినడం అదే మొదలు.

ఆ పందిరిని ఒక్క ఫోటో తీసి పంపమని సుగుణ అడిగింది. మునెమ్మ కుదరదంది.

"ఎట్ల తీస్తారే," అంది, "కాపు మీదుండాది కదా."